ఢిల్లీ నుంచి టోక్యోకి 11 గంటలా? తిరుగు ప్రయాణం 6 గంటలేనా?

ప్రశ్న (నిషికసాయ్, టోక్యో)

అందరికీ నమస్కారం. సంక్రాంతి వెళ్ళాక మా అమ్మ మొదటిసారి టోక్యో వస్తోంది. వయసు 66. ఉండేది గుంటూరులో. నాన్న లేరు, తమ్ముడికి సెలవు దొరకలేదు, అందుకని ఒక్కతే రావాలి. గన్నవరంలో ఎక్కి ఢిల్లీలో దిగుతుంది. అక్కడి నుంచి టోక్యోలోని హనేడా విమానాశ్రయానికి నేరుగా వచ్చే విమానం. తెలుగు తప్ప వేరే భాష రాదు.

టికెట్ మీద ఇలా ఉంది. ఢిల్లీలో రాత్రి 8.15కి బయలుదేరి మర్నాడు ఉదయం 7.25కి హనేడా. ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణం: హనేడాలో ఉదయం 11.30, ఢిల్లీలో అదే రోజు సాయంత్రం 5.40. మా మేనమామ ఈ టికెట్ చూసి "వెళ్ళేటప్పుడు పదకొండు గంటల పైనే అక్కా, వచ్చేటప్పుడు మాత్రం ఆరు గంటలే" అని చెప్పారు. ఇక అప్పటి నుంచి అమ్మకి ఒకటే టెన్షన్. "పదకొండు గంటలు ఆ సీట్లో ఎలా కూర్చోనే, మోకాళ్ళు బిగుసుకుపోతాయి" అంటోంది. రోజూ ఫోన్‌లో ఇదే మాట.

నేను వెబ్‌సైట్‌లో చూస్తే ఇటు రావడానికి 7 గంటల 40 నిమిషాలు, అటు వెళ్ళడానికి 9 గంటల 40 నిమిషాలు అని ఉంది. మామయ్య చెప్పినదానికి పూర్తిగా తిరగబడింది! పైగా దూరం ఒక్కో చోట ఒక్కోలా ఉంది: 5,860, 5,900, 3,640, 3,160. ఒకే రెండు ఊళ్ళ మధ్య వెళ్ళడానికీ రావడానికీ రెండు గంటల తేడా ఎందుకుంటుంది? అమ్మకి ఏ లెక్క చెప్పమంటారు? ఉదయం ఏడింటికి బీపీ మాత్ర, రెండు పూటలా షుగర్ మాత్ర వేసుకుంటుంది. అందుకే గంటలు సరిగ్గా తెలియాలి.

జవాబు (హైదరాబాద్)

టైమ్ తేడా సంగతి తెలిసినవాళ్ళు చెబుతారు. దూరం గురించి ఒక మాట. ఢిల్లీ మీదుగా రావడం చుట్టుదారి అండీ. హైదరాబాద్ నుంచి హనేడాకి సూటిగా కొలిస్తే దాదాపు 6,340 కిలోమీటర్లు. ఢిల్లీ వెళ్ళి వెళితే 7,130 దాకా అవుతుంది. బ్యాంకాక్ మీదుగా అయితే 7,010. హాంకాంగ్ మీదుగా అయితే 6,650 మాత్రమే. మ్యాప్‌లో చూస్తే హాంకాంగ్ ఆ దారికి దగ్గర్లోనే ఉంటుంది. టికెట్ ఇంకా మార్చుకునే వీలుంటే అది కూడా ఆలోచించండి. గుంటూరు నుంచి శంషాబాద్‌కి కారులో వచ్చేయొచ్చు.

జవాబు (త్సుకుబా, ఇబారకి)

పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. ఈ లెక్క నేను ఒకసారి తప్పు చెప్పి మా నాన్నగారిని బాధపెట్టాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

వెబ్‌సైట్‌లో ఉన్నదే సరైనది. మీ మామయ్యగారు గడియారాల మధ్య తేడా తియ్యడం మరిచిపోయారు. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందు ఉంటుంది. మన దేశపు సమయం 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడ దగ్గరగానే పోతుంది. జపాన్ సమయం 135 డిగ్రీల రేఖాంశానిది, అది అకాషి అనే ఊరి మీదుగా పోతుంది. రెంటికీ మధ్య 52.5 డిగ్రీలు. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి మూడున్నర గంటలు. రెండు దేశాల్లోనూ ఎండాకాలం గడియారం మార్చే పద్ధతి లేదు, అందువల్ల ఏడాది పొడుగునా ఇదే తేడా.

ఇప్పుడు మీ టికెట్ చూద్దాం. మీ అమ్మగారు హనేడాలో దిగే 7.25 అంటే గుంటూరులో తెల్లవారుజామున 3.55. రాత్రి 8.15 నుంచి అక్కడికి 7 గంటల 40 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో హనేడాలో 11.30 అంటే మన దగ్గర ఉదయం 8 గంటలు. సాయంత్రం 5.40 దాకా లెక్కపెడితే 9 గంటల 40 నిమిషాలు. అంటే కష్టమైన ప్రయాణం రావడం కాదు, వెళ్ళడం.

మా నాన్నగారి విషయంలో నేను చేసిన తప్పు సరిగ్గా ఇదే. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడాది, ఫిబ్రవరి నెలలో ఆయన్ని తిరిగి పంపిస్తూ టికెట్ మీద గంటలు చూసి "ఆరు గంటలే నాన్నా, ఓ కునుకు తీసేలోపు ఢిల్లీ వచ్చేస్తుంది" అన్నాను. ఆయన చేతి గడియారం టోక్యో సమయంలోనే ఉంది. ఆరు గంటలు గడిచాయి, విమానం దిగలేదు. ఏడు గడిచాయి. టోక్యోలో అయితే ఆ పాటికి చీకటి పడాలి, కిటికీలోంచి చూస్తే ఎండ అలాగే ఉంది. పడమరకి వెళుతున్నాం కదా, సూర్యుడితో పాటే పోతున్నట్టుంటుంది. ఆయనకి అది తెలియదు. విమానానికి ఏదో అయిందనీ, దిగడానికి చోటు లేక తిప్పుతున్నారనీ అనుకున్నారట. పక్కన కూర్చున్నది జపాన్ ఆయన. అడుగుదామంటే భాష రాదు. మూడున్నర గంటలకు పైగా అలా ఊపిరి బిగబట్టి కూర్చున్నారు, మంచినీళ్ళు కూడా అడగలేదు. దిగాక ఫోన్ చేసి "ఆరు గంటలన్నావు కదరా" అన్నారు. అంతే. తిట్టలేదు. ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తు.

అందుకని కిలోమీటర్ల సంగతి పక్కనబెట్టండి. గంటలు మాత్రం సరిగ్గా చెప్పండి. పెద్దవాళ్ళు మనం చెప్పిన అంకెనే పట్టుకుని కూర్చుంటారు.

ఇక రెండు గంటల తేడా. దానికి కారణం గాలి. భూమికి తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో, అంటే విమానాలు ఎగిరే ఎత్తులోనే, పడమర నుంచి తూర్పుకి ఒక గాలి ప్రవాహం నదిలా పారుతుంటుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో అది ఉత్తర భారతం మీదుగా, హిమాలయాలకి దక్షిణంగా పోయి, చైనా దాటి జపాన్ మీదకి వచ్చేసరికి బాగా బలపడుతుంది. ప్రపంచంలో ఈ గాలి అన్నిటికన్నా జోరుగా ఉండే చోట్లలో జపాన్ ఒకటి. చలికాలంలో గంటకి 200 కిలోమీటర్లు దాటడం మామూలే, 300 దాటిన రోజులూ ఉంటాయి. ఎండాకాలం వచ్చేసరికి నెమ్మదించి ఉత్తరానికి జరుగుతుంది.

ఒక చిన్న లెక్క చేసి చూడండి. దారి 6,000 కిలోమీటర్లు, విమానం వేగం 900 అనుకుందాం. గాలి లేకపోతే 6 గంటల 40 నిమిషాలు. దారి పొడవునా సగటున 110 కిలోమీటర్ల వేగంతో గాలి వెనక నుంచి తోస్తే వేగం 1,010 అవుతుంది, 5 గంటల 56 నిమిషాల్లో వెళ్ళిపోతాం. అదే గాలి ఎదురైతే వేగం 790కి పడిపోతుంది, 7 గంటల 36 నిమిషాలు పడుతుంది. ఇటు వచ్చేటప్పుడు 44 నిమిషాలు కలిసొస్తే, అటు వెళ్ళేటప్పుడు 56 నిమిషాలు పోతాయన్నమాట. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కాబట్టి అది ఎక్కువ తినేస్తుంది. దీనికి రన్‌వే దాకా నెమ్మదిగా పోవడం, పైకి ఎక్కడం, దిగే ముందు వేగం తగ్గించడం, గేటు దగ్గర ఆగడం కలపండి. టికెట్ మీద రాసేది గేటు నుంచి గేటు వరకు పట్టే సమయం.

ఈ గాలిని మొదట పట్టి కొలిచినవాళ్ళలో వసాబురో ఓయిషి అనే శాస్త్రవేత్త ముఖ్యుడు. 1920లలో మా త్సుకుబాలోని తతెనో వాతావరణ కేంద్రం నుంచి బెలూన్లు వదిలి, అవి కొట్టుకుపోయే తీరు చూసి పైగాలి వేగం కట్టాడు. 1926లో తన ఫలితాలని, అన్ని దేశాలవాళ్ళకీ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పెరాంటో భాషలో ప్రచురించాడు, ప్రపంచమంతా చదవాలని. బయట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1944లో అమెరికా బీ-29 బాంబర్లు జపాన్ మీదకి వచ్చినప్పుడు ఆ పైలట్లకి ఈ గాలి ఎదురైంది, లెక్కలన్నీ తారుమారయ్యాయి. నేను ఆఫీసుకి సైకిల్ మీద వెళ్ళే దారి ఆ కేంద్రం పక్క నుంచే. ఆ పేరు చూసినప్పుడల్లా నాకు మా నాన్నగారి తిరుగు ప్రయాణమే గుర్తొస్తుంది.

మీరు చూసిన నాలుగు దూరాలూ తప్పు కాదు. 5,860 అన్నది ఢిల్లీ నుంచి హనేడాకి కిలోమీటర్లలో. 5,900 నరీతా అనే ఇంకో విమానాశ్రయానికి, అది టోక్యోకి తూర్పున ఇంకా దూరంగా ఉంటుంది. 3,640 అంటే హనేడా దూరమే, మైళ్ళలో. 3,160 కూడా అదే, కాకపోతే పైలట్లు వాడే నాటికల్ మైళ్ళలో. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. గ్లోబు మీద రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి లాగితే వచ్చే పొడవు ఇది.

నిజానికి విమానం ఆ దారం మీద వెళ్ళదు. అలా వెళ్ళాలంటే నేపాల్ దాటి టిబెట్ పీఠభూమి మీదుగా పోవాలి. ఏదైనా జరిగి విమానం లోపల గాలి పీడనం పడిపోతే, మాస్కుల్లో ఆక్సిజన్ కొద్ది నిమిషాలకే సరిపోతుంది కాబట్టి, వెంటనే 10,000 అడుగులకి, అంటే మూడు కిలోమీటర్ల ఎత్తుకి దిగాలి. టిబెట్‌లో నేలే సగటున నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తులో ఉంది. దిగడానికి చోటేది? అందుకని మామూలుగా గంగా మైదానం మీదుగా తూర్పుకి వచ్చి, బంగ్లాదేశ్, మయన్మార్ వైపు నుంచి చైనాలోని యున్నాన్‌లోకి వెళతాయి. రోజుని బట్టి, గాలిని బట్టి దారి కొంచెం మారుతుంది.

హాంకాంగ్ దారి చెప్పిన హైదరాబాద్ మిత్రుడి లెక్క సరైనదే. మీరో నేనో అయితే అదే బాగుంటుంది. ఒంటరిగా వచ్చే మీ అమ్మగారికి మాత్రం ఢిల్లీయే మేలని నా అభిప్రాయం. మారాల్సిన ఒక్క చోటూ మన దేశంలోనే ఉంటుంది, పక్కన తెలుగువాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు. 480 కిలోమీటర్లు తగ్గించుకోవడానికి పరాయి దేశంలో విమానం మారమనడం ఎందుకు?

ప్రశ్న అడిగినవారు

అన్నయ్య గారూ, మీ నాన్నగారి సంగతి చదివి కళ్ళలో నీళ్ళొచ్చాయి. మీరు చెప్పకపోతే ఏప్రిల్‌లో నేనూ "ఆరు గంటలే అమ్మా" అనేదాన్నేమో. ఇంకో రెండు సందేహాలు. మాత్రలు ఏ గడియారం ప్రకారం వేసుకోమనాలి? ఆ గాలి అంత జోరుగా ఉంటే విమానం ఊగుతుందా? అమ్మకి భయం.

జవాబు (ఢిల్లీ)

ఢిల్లీ సంగతి నేను చెబుతాను. జనవరిలో ఇక్కడ పొగమంచు. తెల్లవారుజాము విమానాలు గంటల తరబడి ఆలస్యం అవుతాయి. గన్నవరంలో కూడా ఆ నెలలో పొద్దున్నే మంచు పడుతుంది. మీ అమ్మగారి రాత్రి విమానానికి ఇబ్బంది తక్కువే, గన్నవరం నుంచి వచ్చేది మాత్రం సాయంత్రానిది పెట్టుకోకండి. మధ్యాహ్నానికి ఢిల్లీ చేరేలా చూసుకోండి.

రెండోది, రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉన్నాయా, వేర్వేరుగా కొన్నారా? మా చిన్నాన్నకి ఒక ఏజెంట్ రెండు వేర్వేరు టికెట్లు తీసి ఆ మాట చెప్పలేదు. మొదటి విమానం ఆలస్యమై రెండోది వెళ్ళిపోయింది, డబ్బంతా పోయింది. వేర్వేరు టికెట్లయితే ఢిల్లీలో పెట్టె తీసుకుని మళ్ళీ అప్పగించాలి. విదేశీ విమానాలు మూడో టెర్మినల్ నుంచి. దేశీయ విమానం ఒకటో టెర్మినల్‌లో దిగితే అక్కడికి నడిచి వెళ్ళలేరు, బస్సో కారో ఎక్కాలి. రెండూ మూడో టెర్మినల్‌లోనే ఉండేలా చూడండి.

వీల్‌చెయిర్ తప్పకుండా అడగండి. నడవగలిగినా సరే. మూడో టెర్మినల్‌లో గేటు దాకా చాలా దూరం నడవాలి. పైగా వీల్‌చెయిర్ తోసే మనిషే ఇమిగ్రేషన్ దగ్గరికీ గేటు దగ్గరికీ తీసుకెళతాడు కాబట్టి భాష సమస్య సగం తీరుతుంది. రెండు రోజుల ముందే విమానం వాళ్ళకి చెప్పి పెట్టుకోవాలి.

జవాబు (త్సుకుబా, ఇబారకి)

ఢిల్లీ వారు చెప్పిన ప్రతి మాటా పాటించండి, ముఖ్యంగా వీల్‌చెయిర్.

మాత్రల సంగతి వాళ్ళ డాక్టర్‌నే అడగండి, షుగర్ మాత్ర తిండితో ముడిపడి ఉంటుంది కదా. అడిగేటప్పుడు ఈ గంటలు చెప్పండి. వచ్చేటప్పుడు మన ఉదయం ఏడు అంటే టోక్యోలో పదిన్నర. ఆ సమయానికి ఆవిడ మీ ఇంట్లో ఉంటారు, కాబట్టి బీపీ మాత్రతో పెద్ద చిక్కు రాదు. తిరుగు ప్రయాణంలోనే చూసుకోవాలి. మూడు నెలలు ఇక్కడ ఉండి టోక్యో వేళలకి అలవాటు పడితే, రాత్రి ఎనిమిదింటి మాత్ర వేళ మన గడియారంలో సాయంత్రం నాలుగున్నరకి వస్తుంది. అప్పుడు ఆవిడ ఇంకా విమానంలోనే ఉంటారు. అందుకని మాత్రలు పెద్ద పెట్టెలో పెట్టొద్దు, చేతి సంచిలో పెట్టండి. డాక్టర్ రాసిన చీటీ కూడా.

ఊగడం గురించి దాచకుండా చెప్పండి. చలికాలంలో జపాన్ దగ్గరికి వచ్చాక, తెల్లవారుజామున, కాసేపు ఊగుతుంది. మబ్బు ఒక్కటి లేకపోయినా ఊగుతుంది, ఎందుకంటే ఆ గాలి ప్రవాహం అంచుల్లో వేగాలు ఒక్కసారిగా మారతాయి. గతుకుల రోడ్డు మీద బస్సులాగే. బెల్టు పెట్టుకుని ఉంటే చాలు. ముందే తెలిస్తే భయం ఉండదు, తెలియకపోతేనే మా నాన్నగారిలా అవుతుంది. ఏప్రిల్ నాటికి గాలి జోరు కొంచెం తగ్గుతుంది.

మరో లెక్క కూడా చెప్పాలి, ఇది ఎవరూ చెప్పరు. ఉదయం 9కి గుంటూరులో ఇల్లు వదిలి, మధ్యాహ్నానికి ఢిల్లీ చేరి, మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకి నిషికసాయ్‌లో మీ ఇంటికి వచ్చారనుకోండి. అది మన గడియారంలో ఉదయం 6 గంటలు. మొత్తం 21 గంటలు. గన్నవరం నుంచి ఢిల్లీకి 2 గంటల 20 నిమిషాలు, తర్వాతది 7 గంటల 40. అంటే విమానాల్లో కూర్చునేది 10 గంటలే. మిగతా 11 గంటలూ కారులో, క్యూలో, టెర్మినల్‌లో. మోకాళ్ళకి అసలు పరీక్ష అక్కడే. ఢిల్లీలో అన్ని గంటలు కుర్చీలోనే ఉండకుండా మధ్య మధ్య లేచి నాలుగడుగులు వెయ్యమనండి. ఇంటి నుంచి పెరుగన్నం తెచ్చుకుంటే అక్కడే తినేయమనండి.

సీటు నడవా పక్కన తీసుకోండి, లేవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. తిరుగు ప్రయాణంలో మాత్రం కుడివైపు కిటికీ ఇవ్వాలని నాకు అనిపిస్తుంది. హనేడా నుంచి పడమరకి తిరిగాక, ఆకాశం తేటగా ఉంటే, కుడి పక్కన ఫ్యూజీ పర్వతం కనిపిస్తుంది. మా నాన్నగారికి అది చూపించలేకపోయాను.

ఆవిడ చేతికి రెండు గడియారాలు పెట్టండి, లేదా ఒక్కటే పెట్టి దాన్ని ఇటు వచ్చేటప్పుడు కానీ అటు వెళ్ళేటప్పుడు కానీ దారిలో ఎక్కడా మార్చొద్దని చెప్పండి. ఎక్కిన సమయం మీద ఏడు గంటల నలభై, లేదా తొమ్మిది గంటల నలభై. ఆవిడే లెక్కపెట్టుకుంటారు.

ప్రశ్న అడిగినవారు

ఇవాళ పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను. మామయ్యని కూడా పక్కన కూర్చోబెట్టాను. మూడున్నర గంటలు తీసి లెక్క చెబితే ఆయన కేలండర్ వెనక రాసుకుని రెండుసార్లు సరిచూసి ఒప్పుకున్నారు. విమానాలు రెండూ ఒకే టికెట్ మీద ఉన్నాయి, ఢిల్లీలో దిగేదీ ఎక్కేదీ మూడో టెర్మినలే. వీల్‌చెయిర్ చెప్పేశాను. డాక్టర్ దగ్గరికి సోమవారం వెళతారు.

వచ్చేటప్పుడు ఏడు గంటల నలభై నిమిషాలు అనగానే అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అయితే తిరుపతి రైలంతేనా" అంది. వెళ్ళేటప్పుడు దాదాపు పది గంటలమ్మా, సాయంత్రం దాకా ఎండ పోదు, కంగారు పడొద్దు అని చెప్పాను. ఎందుకు పోదు అని అడిగింది. అన్నయ్య గారూ, మీ నాన్నగారి సంగతి మొత్తం చెప్పాను. "పాపం, ఆయనకి ఎవరూ చెప్పలేదుగా" అంది. ఏప్రిల్‌కి కుడివైపు కిటికీ అమ్మే అడిగింది.